డాలస్ నుంచి జాన్సన్ రాంచ్ దాకా: ఏ ప్రెసిడెంట్ మ్యూజియం చూడాలి, ఏది వదిలేయొచ్చు

డాలస్‌లో పిల్లల దగ్గరికి ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తే వాళ్ళని తిప్పే చోట్లు ఎప్పుడూ అవే. గుడి, మాల్, ఇర్వింగ్‌లో గాంధీ విగ్రహం, మళ్ళీ గుడి. మా మామయ్యగారు హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మాల్‌లో పది నిమిషాలకే ఆయనకి కాళ్ళనొప్పులు మొదలవుతాయి, అదే మ్యూజియం అయితే మధ్యాహ్నం భోజనం సంగతి కూడా మర్చిపోతారు. అందుకని ఈసారి అత్తయ్యగారినీ ఆయన్నీ కారెక్కించుకుని ప్రెసిడెంట్ల చుట్టూ ఒక ట్రిప్ వేశాం. టెక్సస్‌లో ప్రెసిడెన్షియల్ లైబ్రరీలు మూడున్నాయి: డాలస్‌లో చిన్న బుష్‌ది, కాలేజ్ స్టేషన్‌లో పెద్ద బుష్‌ది, ఆస్టిన్‌లో లిండన్ జాన్సన్‌ది. పదవిలో ఉన్నప్పటి కాగితాలన్నీ దాచేది అక్కడే, పక్కన మ్యూజియం ఉంటుంది, నడిపేది నేషనల్ ఆర్కైవ్స్. వీటికి డాలస్ డౌన్‌టౌన్‌లో కెనడీ మ్యూజియం, ఆస్టిన్ అవతల జాన్సన్ రాంచ్ కలుపుకుంటే చక్కటి రూటు.

తీరిక లేనివాళ్ళకి ముందే చెప్పేస్తా: ఒక్కటే చూడగలిగితే ఆస్టిన్‌కి వెళ్ళండి. మా ఇంట్లో అందరూ దీనికి ఒప్పుకోరు, మా అబ్బాయి ఓటు డాలస్ బుష్ మ్యూజియానికే, కానీ వాడికి పదకొండేళ్ళు.

కెనడీ మ్యూజియం అంటే డీలీ ప్లాజాలో ఉన్న సిక్స్త్ ఫ్లోర్ మ్యూజియం. 1963 నవంబర్ 22న ప్రెసిడెంట్ కెనడీని లీ హార్వీ ఆస్వాల్డ్ అనేవాడు ఏ గోడౌన్ ఆరో అంతస్తు కిటికీలోంచి కాల్చాడో, అదే అంతస్తు. ఆ మూలని అద్దాల వెనక పెట్టెలతో సహా అప్పటిలా ఉంచారు. టికెట్‌కి టైము స్లాట్ ఉంటుంది, ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోండి, వారంలో కొన్ని రోజులు మూసేస్తారు కాబట్టి అదీ చూసుకోండి. ఆడియో గైడ్ బాగుంది గానీ చదవాల్సింది చాలా ఎక్కువ, కూర్చునే చోట్లు తక్కువ. మామయ్యగారు ప్రతి బోర్డూ చదివారు, అత్తయ్యగారు ఉన్న ఒక్క బెంచీని పట్టుకుని కూర్చున్నారు. బయట ఎల్మ్ స్ట్రీట్ నడిమధ్యలో బుల్లెట్ తగిలిన చోట తెల్ల పెయింట్‌తో గుర్తు వేసి ఉంటుంది, సిగ్నల్ పడగానే జనం రోడ్డు మీదకి పరిగెత్తి సెల్ఫీలు దిగుతుంటారు. పక్కన గడ్డి దిబ్బ మీద కుట్ర సిద్ధాంతాల పేపర్లు అమ్మేవాళ్ళు ఉంటారు, ఒకసారి మాట కలిపితే వదలరు. పార్కింగ్ ఖర్చు ఉంటుంది, రైలు స్టేషన్ దగ్గరే కాబట్టి వీలైతే ట్రెయిన్‌లో రండి.

అక్కడ తెలిసిన ఒక సంగతి మిగతా ట్రిప్ అంతా నాతో వచ్చింది. ఆ రోజు కెనడీ డాలస్‌లో లంచ్ మీటింగ్ అయ్యాక సాయంత్రం ఆస్టిన్‌లో పార్టీ విందుకి వెళ్ళి, ఆ రాత్రి వైస్ ప్రెసిడెంట్ జాన్సన్ రాంచ్‌లో పడుకోవాలి. అదీ ప్రోగ్రాం. ఆ మధ్యాహ్నమే లవ్ ఫీల్డ్ ఎయిర్‌పోర్టులో, విమానం లోపల, జాన్సన్ ప్రెసిడెంట్‌గా ప్రమాణం చేశాడు. చేయించింది సారా హ్యూజ్ అనే మహిళా జడ్జి.

ఇక చిన్న బుష్ మ్యూజియం. ఎస్‌ఎంయూ యూనివర్సిటీ క్యాంపస్‌లో 2013లో తెరిచారు. బిల్డింగ్ కొత్తది, సిబ్బంది మర్యాదస్తులు, అడగ్గానే వీల్‌చెయిర్ తెచ్చి ఇచ్చారు, బాత్రూములు మెరిసిపోతున్నాయి, బయట టెక్సస్ గడ్డీ పూల మొక్కలతో పార్కు ఉంది, ఏప్రిల్‌లో బాగుంటుంది. సర్వీసులకి మార్కులు వేయాలంటే ఈ ట్రిప్‌లో ఇదే ఫస్ట్. వరల్డ్ ట్రేడ్ సెంటర్ నుంచి తెచ్చిన ఇనుప దూలాలు వంకరలు తిరిగిపోయి నిలబడి ఉంటాయి, అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఓవల్ ఆఫీసు అసలు సైజులోనే కట్టారు, బల్ల వెనక కుర్చీలో కూర్చుని ఫొటో దిగొచ్చు. మా అబ్బాయికి నచ్చింది డెసిషన్ పాయింట్స్ థియేటర్: ఇరాక్, కత్రినా తుఫాను లాంటి సంక్షోభం ఒకటి ఇచ్చి, సలహాదారులు తలో మాటా చెబుతుంటే నిమిషాల్లో నిర్ణయం తీసుకోమంటారు, హాల్లో అందరి ఓట్లూ లెక్కేస్తారు. సరదాగానే ఉంటుంది. కానీ మీరు ఏది నొక్కినా చివరికి బుష్ తెర మీదకొచ్చి తను చేసింది ఎందుకు కరెక్టో చెప్పి వెళ్ళిపోతాడు, మామయ్యగారు "పరీక్ష పెట్టింది ఆయనే, పేపర్ దిద్దేదీ ఆయనే" అని బయటికొచ్చేశారు. ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో వచ్చిన పదవి, దొరకని ఆయుధాల కోసం చేసిన యుద్ధం, ఇంత కథ ఉన్న మనిషి దగ్గర ఇంకొంచెం నిలబెట్టి ఆలోచింపజేస్తారనుకున్నా. 2006 మార్చిలో ఆయన హైదరాబాద్ వచ్చి, రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీలో రైతులతో మాట్లాడి, మనకి అమెరికన్ కాన్సులేట్ ప్రకటించి వెళ్ళాడు కదా, దాని ఊసు ఎక్కడైనా ఉందేమోనని మామయ్యగారు వెతికారు. మాకైతే కనిపించలేదు. ఆ కాన్సులేట్ 2008లో తెరిచారు, అంతకుముందు వీసా స్టాంపింగ్‌కి చెన్నై పరిగెత్తినవాళ్ళకి ఆ విలువ తెలుసు.

కాలేజ్ స్టేషన్ మూడు గంటల డ్రైవ్. హైవేలో బకీస్ కనిపిస్తే ఆగండి, పెట్రోల్ బంకే కానీ అంత శుభ్రమైన టాయిలెట్లు పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి వరం. ఊళ్ళో హోటల్ మాత్రం మాకు కలిసిరాలేదు. పెద్దవాళ్ళున్నారు కింద ఫ్లోర్ కావాలి అని ఫోన్ చేసి మరీ చెప్పినా మూడో అంతస్తులో ఇచ్చారు, లిఫ్టేమో రిపేరు, బ్రేక్‌ఫాస్ట్‌లో శాకాహారికి దొరికింది బ్రెడ్డూ అరటిపండూ. ఆ ఊళ్ళో ఇంకో చిక్కు ఫుట్‌బాల్. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం ఉంది, హోమ్ గేమ్ ఉన్న శనివారం గది దొరకదు, దొరికినా రేటు చూసి కళ్ళు తిరుగుతాయి. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా గేమ్‌ల తేదీలు చూసుకునే బుక్ చేయండి.

మ్యూజియం నెమ్మదైనది, ఆయనలాగే. పెద్ద బుష్ పద్దెనిమిదో పుట్టినరోజునే నేవీలో చేరాడు, 1944 సెప్టెంబర్ 2న చిచీజిమా దగ్గర ఆయన నడుపుతున్న బాంబర్‌ని జపాన్ వాళ్ళు కూల్చేశారు, తోటి ఇద్దరూ చనిపోయారు, ఈయన్ని సబ్‌మెరైన్ వచ్చి ఎత్తుకుంది. అదే రకం అవెంజర్ విమానాన్ని లోపల పైనుంచి వేలాడదీశారు. తర్వాత కాంగ్రెస్, ఐక్యరాజ్యసమితి రాయబారి, బీజింగ్‌లో ప్రతినిధి, సీఐఏ, వైస్ ప్రెసిడెంట్, చివరికి వైట్ హౌస్, నాలుగేళ్ళకే ఓటమి. బయోడేటా ప్రకారం ఈయనంత తయారై వచ్చినవాళ్ళు అరుదు. జనం గుర్తుపెట్టుకోవడానికి బయోడేటా చాలదేమో, ఆ హాళ్ళు ఖాళీగానే ఉన్నాయి. కొత్త పెవిలియన్‌లో మాత్రం రద్దీ: మెరైన్ వన్ హెలికాప్టర్, 4141 నంబర్ రైలింజన్ అక్కడే ఉన్నాయి. 2018 డిసెంబర్‌లో ఆయన పార్థివదేహాన్ని తెచ్చిన ఇంజనే అది. వెనక చెరువు దాటి నడిస్తే సమాధులు, ఆయనా, బార్బరా, పక్కనే మూడేళ్ళ వయసులో లుకేమియాతో పోయిన కూతురు రాబిన్. అత్తయ్యగారు అక్కడే ఎక్కువసేపు ఉన్నారు. రెండు బుష్ మ్యూజియంలలో ఒకటే అనుకుంటే నేను దీనికే ఓటేస్తా, దారి కలిసొస్తేనే.

ఆస్టిన్‌లో జాన్సన్ లైబ్రరీకి పార్కింగ్ ఉచితం. ఆ ఊళ్ళో అదే పెద్ద వార్త. 1971లో కట్టిన పదంతస్తుల రాతి డబ్బా, బయటికి ఏమంత అందంగా ఉండదు. లోపలికెళ్ళి తలెత్తితే అద్దాల వెనక అంతస్తుల మీద అంతస్తులుగా ఎర్ర పెట్టెలు, వాటి మీద బంగారు రంగు ముద్రలు. నాలుగున్నర కోట్ల పేజీలట. ఓవల్ ఆఫీసు ఇక్కడా ఉంది కానీ అసలుకంటే కాస్త చిన్నది, కుర్చీలో కూర్చోనివ్వరు. జోకులు చెప్పే జాన్సన్ బొమ్మ ఒకటి నోరూ చెయ్యీ ఆడిస్తూ నిలబడి ఉంటుంది, పిల్లలు సగం నవ్వుతారు సగం భయపడతారు.

అసలు సంగతి ఫోన్లు. హాళ్ళలో అక్కడక్కడా రిసీవర్లు పెట్టారు, చెవిన పెట్టుకుంటే జాన్సన్ గొంతు. ప్రెసిడెంట్‌గా ఉండగా తన ఫోన్ సంభాషణలు తనే రికార్డు చేయించుకున్నాడు, తను పోయాక 50 ఏళ్ళు బయటపెట్టొద్దన్నాడు, లైబ్రరీవాళ్ళు మాత్రం అంతకాలం ఆగకుండా 1990లలోనే తెరవడం మొదలుపెట్టారు. బతిమాలతాడు, బెదిరిస్తాడు, పొగుడుతాడు, పౌర హక్కుల బిల్లుకి ఒక్కో ఓటూ కూడగడతాడు. 1964లో ప్యాంట్ల కంపెనీకి ఫోన్ చేసి జేబులు లోతుగా కుట్టండి, నడుము దగ్గర వదులు పెట్టండి అని ఆర్డర్ ఇచ్చిన టేపు బాగా ఫేమస్, ఆ భాష ఇక్కడ రాయలేను. అదే ఏడాది మేలో వియత్నాం గురించి తన సలహాదారుతో మాట్లాడుతూ, అది యుద్ధం చేయదగ్గ చోటు కాదనిపిస్తోంది, అలాగని బయటపడలేం కూడా అని మథనపడతాడు. అలా అన్న మనిషే ఐదు లక్షలకు పైగా సైనికుల్ని అక్కడికి పంపాడు. డాలస్‌లో ప్రెసిడెంట్ వచ్చి మనకి వివరణ ఇస్తాడు, ఇక్కడ మనం ఆయన మాటలు చాటుగా వింటాం. నాకు ఆస్టిన్ గొప్పగా అనిపించింది అందుకే.

ఇమ్మిగ్రేషన్ చట్టం దగ్గర మేమంతా ఆగిపోయాం. అంతకుముందు ఇండియాకి ఏడాదికి 100 మంది కోటా. ఆ కోటాల్ని ఎత్తేసే బిల్లు మీద 1965 అక్టోబర్ 3న స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ కింద కూర్చుని జాన్సన్ సంతకం పెడుతూ ఇదేమీ విప్లవాత్మకమైన బిల్లు కాదన్నాడు. ఇర్వింగ్, ఫ్రిస్కోల్లో టిఫిన్ సెంటర్ల ముందు ఆదివారం లైన్లు ఆయన చూడలేదు కదా. మామయ్యగారి లెక్క వేరు. "అమ్మాయ్, మాకు ఈయనంటే పీఎల్-480 గోధుమలే" అన్నారు. పీఎల్-480 అంటే అమెరికా ఆహార సాయం పథకం. 1965-66 కరవులో మనకి ఆ గోధుమ ఓడలు ప్రాణాధారం, జాన్సన్ వాటిని ఏడాదికి సరిపడా ఒప్పుకోకుండా విడతలు విడతలుగా వదిలాడు, వ్యవసాయం మార్చుకోండి అనీ, వియత్నాం మీద మమ్మల్ని విమర్శించకండి అనీ. బడిలో కేర్ అనే అమెరికన్ సాయం సంస్థ వాళ్ళ ఉప్మా తిన్న తరం ఆయనది, కృతజ్ఞతా కోపమూ రెండూ ఉన్నాయి.

ఆస్టిన్‌లో హోటల్ క్యాంపస్ దగ్గర కాకుండా ఊరికి ఉత్తరాన తీసుకోండి, సగానికి సగం తేడా, పైగా రౌండ్ రాక్ వైపు మన భోజనం దొరుకుతుంది. మేము దిగింది పేరున్నదేమీ కాదు, వంటగది ఉన్న మామూలు సూట్, రైస్ కుక్కర్ పెట్టుకున్నాం, రాత్రి చారన్నంతో అందరి మూడ్ మారిపోయింది.

రాంచ్ స్టోన్‌వాల్ దగ్గర, ఆస్టిన్ నుంచి గంటంపావు. ముందు స్టేట్ పార్క్ విజిటర్ సెంటర్‌లో కారు పర్మిట్ తీసుకోవాలి, ఉచితం. మన కారులోనే నది పక్కగా తిరుగుతాం. జాన్సన్ చదివిన ఒంటిగది బడి ముందు ఆగండి. 1965 ఏప్రిల్‌లో విద్యా చట్టం మీద సంతకం అక్కడే, పక్కన తన మొదటి టీచరమ్మని కూర్చోబెట్టుకుని పెట్టాడు. ఈయన కూడా ఒక ఏడాది కొటూలా అనే ఊళ్ళో మెక్సికన్ పిల్లలకి పాఠాలు చెప్పాడు, మాస్టారు మాస్టారే అని మామయ్యగారు ఆ బడి ముందు ఫొటో దిగారు, ట్రిప్ మొత్తంలో ఆయన అడిగి దిగింది అదొక్కటే. నీళ్ళలో కూడా నడిచే నీలం కారు ఉంది, తెలియని అతిథుల్ని ఎక్కించుకుని బ్రేకులు ఫెయిలయ్యాయని అరుస్తూ చెరువులోకి తోలేవాడట. ఇంటి లోపలికి మాత్రం ఆశపడకండి, కట్టడం బలహీనపడిందని 2018లో మూసేశారు, వెళ్ళేముందు పార్కు వెబ్‌సైట్ చూసుకోండి. 1968 మార్చిలో మళ్ళీ పోటీ చేయనని ప్రకటించి, 1969 జనవరిలో పదవి దిగి వచ్చి, జుట్టు పెంచుకుని, నాలుగేళ్ళు తిరగ్గానే 1973 జనవరిలో ఇక్కడే పోయాడు, 64 ఏళ్ళకి. సమాధి నది ఒడ్డున చెట్ల కింద, రోడ్డు మీంచే కనిపిస్తుంది. స్టేట్ పార్క్ వైపు పాతకాలపు జర్మన్ రైతు ఇల్లు ఉంది, అప్పటి బట్టలేసుకుని పాలు పితుకుతూ వెన్న తీస్తుంటారు. అత్తయ్యగారు అక్కడ కవ్వం పట్టు సరిగా లేదని చేత్తో చూపించి మరీ చెప్పారు.

బస ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో. చిన్న చిన్న గెస్ట్‌హౌసులు, మాకు దొరికిన రాతి ఇల్లు ఈ ట్రిప్‌లో బెస్ట్ బస, వరండాలో కుర్చీలు, ఇల్లుగలావిడ పొద్దున్నే పీచ్ జామ్ ఇచ్చింది. శనాదివారాలు వైన్ టేస్టింగ్‌లకొచ్చే గుంపులతో రేట్లు ఎక్కువ, మంగళ బుధవారాలు చూసుకోండి. తిండి అంతా జర్మన్ సాసేజ్‌లు, శాకాహారులు పులిహోర కట్టుకెళ్ళాలి. మార్చి ఆఖరు, ఏప్రిల్‌లో రోడ్డు పక్కన బ్లూబానెట్ పూలు, మే దాటాక పీచ్ పళ్ళు, ఆగస్టులో మాత్రం ఎండకి పెద్దవాళ్ళు కారు దిగరు. తిరుగు ప్రయాణం ఐ-35 హైవే మీద శుక్రవారం సాయంత్రం మాత్రం పెట్టుకోకండి.