కోర్సుకు పంపాలా, బాధ్యత అప్పగించాలా, కోచ్‌ని పెట్టాలా? రేపటి మేనేజర్ల తయారీకి ఏది మేలు?

అప్రైజల్స్ ముగిసి ట్రైనింగ్ బడ్జెట్ ఖరారయ్యే లోపు నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మా టీమ్‌లో ఇద్దరు ముగ్గురు చురుకైనవాళ్లున్నారు. రెండు మూడేళ్లలో పెద్ద బాధ్యతలు తీసుకోవాల్సినవాళ్లు. లీడర్‌షిప్ కోర్సుకు పంపమంటారా, ఇక్కడే ఏదైనా ప్రాజెక్టు అప్పగించమంటారా, లేకపోతే కోచ్‌ని పెట్టమంటారా?" ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పి చెప్పి, ఈసారి అంతా ఒకచోట రాసేద్దామనిపించింది.

ఎవరిని ఎంచుకోవాలన్నది వేరే చర్చ, దానిలోకి వెళ్లను. ఒక్క హెచ్చరిక మాత్రం. పనిలో అందరికంటే ముందున్నవాళ్లే మంచి మేనేజర్లవుతారని అనుకోవద్దు. అమెరికాలోని చాలా కంపెనీల సేల్స్ ఉద్యోగుల లెక్కలు తీసి అలన్ బెన్సన్, డానియెల్ లీ, కెల్లీ షూ అనే ఆర్థికవేత్తలు 2019లో ఒక పరిశోధన ప్రచురించారు. బాగా అమ్మేవాళ్లకే ప్రమోషన్ వచ్చే అవకాశం ఎక్కువని అందులో తేలింది. అయితే అంతకుముందు ఎంత ఎక్కువ అమ్మినవాళ్లైతే, మేనేజర్లయ్యాక వాళ్ల కిందివాళ్ల పనితీరు అంత తగ్గినట్టు కూడా కనిపించింది. మీరు ఈ గండం దాటి సరైనవాళ్లనే ఎంచుకున్నారనుకుని మొదలుపెడుతున్నాను.

కోర్సు

కోర్సును తక్కువ చేసి మాట్లాడటం ఈమధ్య ఫ్యాషనైంది. నేనలా మాట్లాడను. సరైన జవాబు ఉన్న విషయాలకు తరగతి గదిని మించింది లేదు. బ్యాలెన్స్ షీట్ చదవడం, ఒప్పందంలో ఏ షరతు ఎక్కడ కొడుతుందో తెలుసుకోవడం, ఏఐ టూల్స్ ఏం చేయగలవో ఎక్కడ తడబడతాయో అర్థం చేసుకోవడం లాంటివి అనుభవం మీద నేర్చుకుందామంటే ఏళ్లు పడతాయి, డబ్బూ పోతుంది. మూడు రోజులు కూర్చుంటే వచ్చేదానికి మూడేళ్లు తిప్పలు పడటం దేనికి? పైగా వేరే డిపార్ట్‌మెంట్ల వాళ్లతో పరిచయాలవుతాయి. ఒక్కోసారి ఆ పరిచయాలే అసలు లాభం.

అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్ 1956లో న్యూయార్క్ రాష్ట్రంలోని క్రోటన్‌విల్‌లో మేనేజర్ల కోసమే ఒక క్యాంపస్ తెరిచింది. ఆ తర్వాత చాలా పెద్ద సంస్థలు అదే బాట పట్టాయి. అప్పట్లో అక్కడికి పిలుపు రావడమంటే పైవాళ్ల కళ్లలో పడ్డట్టే. కోర్సులకు ఇప్పటికీ ఆ మెరుపు పోలేదు. చిక్కు కూడా ఆ మెరుపులోనే ఉంది. పంపిన బాస్‌కు తృప్తి, వెళ్లినవాళ్లకు గుర్తింపు, హెచ్ఆర్‌కు లెక్క చూపించడానికి ఒక అంకె. అందరూ సంతోషంగా ఉన్నాక, నేర్చుకున్నదాంతో ఏం మారిందని అడిగేవాళ్లు మిగలరు.

ట్రైనింగ్ ఫలితాన్ని కొలవడానికి డోనల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ అనే అమెరికా ప్రొఫెసర్ 1959లోనే నాలుగు మెట్లు చెప్పాడు. వచ్చినవాళ్లకు నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, పనిలో నడవడిక మారిందా, దానివల్ల సంస్థకు ఒరిగిందేమిటి. నేను చూసిన ఆఫీసుల్లో ఎక్కువభాగం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. చివరిరోజు సాయంత్రం ఒక ఫారం ఇస్తారు, అందరూ బస్సు టైమ్ చూసుకుంటూ ఐదుకు ఐదు వేసేసి లేస్తారు. నేనూ అలాంటి ఐదులు చాలా పోగేశాను. ఒకసారి కోర్సు అయిన ఆరు నెలలకు అదే బ్యాచ్‌కు ఫోన్లు చేసి, ఏం మార్చుకున్నారని అడిగాను. ఒకాయన నిజాయితీగా చెప్పాడు: "స్లైడ్లన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టానండీ." మిగతావాళ్లు అంత స్పష్టంగా కూడా చెప్పలేకపోయారు.

'రేపటి కోసం' అన్నమాట దగ్గర కోర్సు ఇంకొంచెం బలహీనపడుతుంది. వరల్డ్ ఎకనామిక్ ఫోరమ్ 2025 నివేదిక ప్రకారం, 2030 నాటికి ఉద్యోగులకు కావాల్సిన కీలక నైపుణ్యాల్లో 39 శాతం మారిపోతాయని కంపెనీల అంచనా. ఇది కొలిచి చెప్పిన లెక్క కాదు, యజమానులు అనుకుంటున్నది. 2023 నివేదికలో ఇదే అంచనా రాబోయే ఐదేళ్లకు 44 శాతం. ఏ అంకె తీసుకున్నా, ఈ ఏడాది సిలబస్ చూసి మూడేళ్ల తర్వాతి కుర్చీకి మనిషిని సిద్ధం చేశామనుకోవడం కష్టం.

కోచ్, మెంటర్

ఈ రెంటినీ ఒకటిగా వాడేస్తుంటారు గానీ తేడా ఉంది. మెంటర్ ఆ దారిలో ముందు నడిచిన పెద్దమనిషి, తన అనుభవం చెబుతాడు. కోచ్ మీ పని తెలిసినవాడు కానక్కర్లేదు, ప్రశ్నలు వేసి మీ చేతే ఆలోచింపజేస్తాడు. కొత్తగా మేనేజరైనవాళ్లకు ఇద్దరిలో ఎవరున్నా పెద్ద ఊరటే. నిన్నటిదాకా కలిసి టీ తాగిన స్నేహితుడి పని బాగాలేదని ఇవాళ చెప్పాలి. ఆ టెన్షన్ ఇంట్లో చెప్పుకుంటే అర్థం కాదు, ఆఫీసులో చెప్పుకుంటే బయటికి పొక్కుతుంది. గుట్టుగా మాట్లాడుకోవడానికి ఒక మనిషి దొరకడం చిన్న విషయం కాదు.

మెంటర్‌తో వచ్చే ఇబ్బంది ఏమిటంటే, తెలియకుండానే తన అచ్చు పోస్తాడు. ఆయన గెలిచిన పరిస్థితులు వేరు, అప్పటి మార్కెట్ వేరు. "మా రోజుల్లో" అని మొదలయ్యే సలహాతో నిన్నటికి పనికొచ్చే మేనేజర్ తయారవుతాడు. కోచ్‌తో ఇబ్బంది వేరు. ఎదుటివాళ్లు తెచ్చిన సరుకు మీదే అతని పని ఆధారపడి ఉంటుంది. సొంతంగా నిర్ణయించాల్సిందేమీ లేనివాళ్లకు కోచ్‌ని పెడితే, మాట్లాడుకోవడానికి బాస్ తప్ప ఇంకో టాపిక్ దొరకదు. అలాంటి సెషన్లు నెలల తరబడి సాగడం చూశాను. ఫిర్యాదులకు పదును పెరిగింది, మనుషులు మాత్రం అక్కడే ఉన్నారు.

బాధ్యత

నా మొగ్గు ఎటో ఈపాటికి అర్థమై ఉంటుంది. కానీ బాధ్యత అప్పగించడమంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. ఎందుకంటే ఈ పేరుతో జరిగేదంతా బాధ్యత కాదు, చాలావరకు అదనపు చాకిరీ. ఉన్న పనికి తోడు ఇంకో ప్రాజెక్టు నెత్తినపెట్టి, ప్రతి మెయిల్‌కూ బాస్‌ను సీసీలో పెట్టమని, ఫైనల్ చేసేముందు "ఒక్కసారి నాకు చూపించు" అని చెబితే ఆ మనిషి నేర్చుకునేది ఓవర్‌టైమ్ ఒక్కటే.

నేను వాడే పరీక్ష సింపుల్. ఈ పనిలో ఆ మనిషి ఎవర్నీ అడగకుండా తీసుకోగల నిర్ణయం కనీసం ఒక్కటైనా ఉందా? ఆ నిర్ణయం తప్పయితే దాని ఫలితం ఆ మనిషికి కనపడుతుందా? రెంటికీ అవునంటేనే అది తయారీ.

దీనికి కారణం ఉంది. నాయకత్వంలో కష్టమైన భాగం సమాచారం సగమే చేతికొచ్చినప్పుడు ఏదో ఒకటి తేల్చడం, తేల్చాక దానికి కట్టుబడటం, తప్పని తెలిస్తే నలుగురి ముందూ ఒప్పుకుని వెనక్కి తిరగడం. దీనికి సిలబస్ లేదు. రేపు ఏ టెక్నాలజీ వచ్చినా, ఏ కస్టమర్ పోయినా ఈ పని మాత్రం ఉంటుంది.

ఈ కాలానికి ఇంకో కారణం తోడైంది. మా తరం నిర్ణయాలు నేర్చుకున్నది చిన్న పనుల మీద. రిపోర్టు ముసాయిదా రాయడం, షెడ్యూలు వేయడం, పది కొటేషన్లు పోల్చి టేబుల్ తయారు చేయడం. పైవాళ్లు ఎర్రపెన్నుతో దిద్దేవాళ్లు. ఎందుకు దిద్దారో ఆలోచిస్తే బుర్రకు పదునొచ్చేది. ఆ ముసాయిదా ఇప్పుడు ఏఐ రెండు నిమిషాల్లో ఇస్తోంది. పని తేలికైంది, మంచిదే. కానీ నిచ్చెనలో కింది మెట్లు పోయాయి. అనుకోకుండా జరిగిపోయే ఆ నేర్పు ఇక జరగదు కాబట్టి, పనిగట్టుకుని నిర్ణయాలు చేతికివ్వాల్సిందే.

నా సంగతి చెబుతాను. మేనేజరైన మొదటి ఏడాది మా బాస్ రెండు నెలలు సెలవు పెట్టారు. వెళ్తూ "ఈ వెండర్ విషయం నువ్వే చూసుకో, నాకు ఫోన్ చేయకు" అన్నారు. ఇద్దరు వెండర్లలో చవకగా ఇచ్చేవాళ్లను ఎంచుకున్నాను. సరుకు ఆలస్యమైంది, కస్టమర్‌కు నేనే ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఆయన తిరిగొచ్చి అరుస్తారనుకున్నాను. అరవలేదు. ఏం జరగాలనుకున్నావు, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, ఈసారి ఏం మారుస్తావు అని అడిగారు. గంటసేపు కూర్చున్నాం. ధర చూసిన నేను, ఆ వెండర్ చేతిలో అప్పటికే ఎంత పని ఉందో అడగనే లేదని నా నోటితోనే బయటపడింది. ఆ ప్రశ్న ఇప్పటికీ ప్రతి వెండర్‌నూ అడుగుతాను.

ఆ నాలుగు ప్రశ్నలు ఆయన సొంతం కాదని తర్వాత తెలిసింది. అమెరికా సైన్యం శిక్షణ విన్యాసాల తర్వాత దశాబ్దాలుగా వాడుతున్న 'ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ' పద్ధతి అది. హోదాతో పనిలేకుండా అందరూ మాట్లాడాలి, తప్పు ఎవరిదని కాకుండా ఎందుకు జరిగిందని వెతకాలి. ఈ కూర్చోబెట్టి మాట్లాడటం లేకపోతే బాధ్యత సగం పనే చేస్తుంది. దెబ్బ తగిలిన మనిషి పాఠం నేర్చుకుంటాడని గ్యారంటీ లేదు, భయపడటం కూడా నేర్చుకోవచ్చు.

నా వాదనకు అనుకూలంగా చాలామంది 70-20-10 సూత్రం చెబుతారు. నేర్చుకునేదాంట్లో 70 శాతం పనిలో, 20 శాతం మనుషుల వల్ల, 10 శాతం కోర్సుల్లో అని. దాన్ని నేను పెద్దగా వాడను. 1980ల్లో సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ అనే అమెరికా శిక్షణ సంస్థ వాళ్లు ఎగ్జిక్యూటివ్‌లను 'మీరెలా నేర్చుకున్నారు' అని అడిగితే వచ్చిన జ్ఞాపకాల నుంచి పుట్టిన లెక్క అది. దిశ సరైనదే అనిపిస్తుంది, శాతాలను మాత్రం శాసనంలా పట్టుకోకూడదు.

వదలగలరా?

ఈ పోలికను తేల్చేది నా దృష్టిలో డబ్బూ కాదు, సమయమూ కాదు. పైనున్న మనిషి ఏదైనా వదులుకోగలడా అన్నది. కోర్సుకు పంపడానికి బాస్ వదులుకోవాల్సింది ఏమీ లేదు, నాలుగు రోజుల హాజరు తప్ప. కోచ్‌ని పెట్టడానికీ అంతే. బాధ్యత ఇవ్వాలంటే తన చేతిలోని అధికారంలో ఒక ముక్క తీసి ఇవ్వాలి. తనకంటే నెమ్మదిగా, తనకంటే వంకరగా ఆ పని జరుగుతుంటే చూస్తూ ఊరుకోవాలి. మూడింటిలో ఇదే తక్కువగా జరగడానికి కారణం అదే.

వదలలేని బాస్ దగ్గర నిజంగానే కోర్సు మేలు. వెటకారం కాదు. పేరుకు బాధ్యత, పగ్గాలు వేరేవాళ్ల చేతిలో అన్న పరిస్థితి మనిషిని తయారు చేయకపోగా విరక్తి పుట్టిస్తుంది. అలాంటిచోట మూడు రోజుల క్లాసు కనీసం హాని చేయదు.

ఏది వదలాలన్నదానికీ హద్దుంది. జీతాలు, భద్రత, చట్టంతో ముడిపడ్డవి ప్రయోగాలకు పనికిరావు. తప్పయితే నెలలోపు దిద్దుకోగలిగేది, నష్టం మీ బడ్జెట్ మోయగలిగేది తీసుకోండి. ఎంతవరకు పోయినా ఫరవాలేదో ముందే కాగితం మీద రాసి ఇద్దరూ అనుకోవాలి. ఆ గీత దాటేదాకా మీరు నోరు విప్పకూడదు. నాలుగైదు నెలలు నడవనివ్వండి. రెండు వారాలకోసారి ఆ నాలుగు ప్రశ్నలతో ముప్పావుగంట కూర్చోండి. మధ్యలో ఎక్కడ తడబడుతున్నారో తెలుస్తుంది, అప్పుడు దానికి తగ్గ కోర్సుకు పంపండి. లెక్కల్లో తడబడితే ఫైనాన్స్, మనుషుల దగ్గర తడబడితే కోచ్. అవసరం తెలిసి క్లాసుకెళ్లినవాళ్లు స్లైడ్లు ఫోల్డర్‌లో పెట్టరు, అక్కడే ప్రశ్నలడుగుతారు.

మిగతావి

బయటి నుంచి తెచ్చుకోవడం: దూరపు కొండలు నునుపు. అమెరికాలోని వార్టన్ బిజినెస్ స్కూల్లో మాథ్యూ బిడ్‌వెల్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో బయటి నుంచి వచ్చినవాళ్లకు లోపలివాళ్ల కంటే దాదాపు 18 శాతం ఎక్కువ జీతమిచ్చినా, మొదటి రెండేళ్లు పనితీరు రేటింగు తక్కువే వచ్చింది. మీ దగ్గర అసలే లేని నైపుణ్యమైతే తప్పదు.

360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ (పైవాళ్లు, తోటివాళ్లు, కిందివాళ్లు అందరి అభిప్రాయమూ తీసుకోవడం): జాగ్రత్తగా. క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు 1996లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఫీడ్‌బ్యాక్ ఇచ్చిన సందర్భాల్లో మూడో వంతుకు పైగా పనితీరు తగ్గింది. జీతాల పెంపుతో మాత్రం ముడిపెట్టకండి.

ఆన్‌లైన్ కోర్సులు, సిమ్యులేషన్ గేములు: కాలక్షేపానికి బాగుంటాయి.

ఈ ప్రశ్న అడిగినవాళ్లను నేనిప్పుడు తిరిగి ఒకటి అడుగుతున్నాను: "వచ్చే సోమవారం నుంచి మీ నిర్ణయాల్లో ఏది ఆ మనిషికి ఇచ్చేస్తారు?" చాలామంది ఆలోచించి చెబుతామంటారు. మొన్న అడిగిన ఒకావిడ మాత్రం సెలవుల మంజూరుతో మొదలుపెడతానన్నారు. చిన్నదే. కానీ ఇద్దరు ఒకే వారం సెలవు అడిగితే, అందులో ఒకరికి కుదరదని ముఖం మీద చెప్పాల్సింది ఇకనుంచి ఆ టీమ్‌లీడే.