డిస్టెన్స్‌లో ఎంహెచ్‌ఏ (హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ పీజీ) చేద్దామనుకునేవాళ్లు రూపాయి కట్టేముందు ఇది చదవండి

మొన్న మంగళవారం జరిగింది ఇది. ఇంకా కడుపు రగిలిపోతూనే ఉంది, వరసగా రాయలేకపోతే ఏమనుకోవద్దు. అమీర్‌పేటలో ఆ సెంటర్ సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, మెట్రో మెట్లు దిగుతుంటే చేతిలో కరపత్రం పెడతారే, "ఉద్యోగం చేస్తూనే పీజీ, యూజీసీ గుర్తింపు, హాస్పిటల్స్‌లో ప్లేస్‌మెంట్" అని, ఆ టైపు వాళ్లే. కేసు పెడుతున్నా కాబట్టి పేరు రాయొద్దని చెప్పారు, అందుకే రాయట్లేదు. వాళ్ల దగ్గర కట్టినవాళ్లకి ఇది చదువుతుంటేనే అర్థమైపోతుంది.

నాది బీకాం. హాస్పిటల్లో చేరి ఆరేళ్లు దాటింది, మొదట బిల్లింగ్, తర్వాత ఇన్సూరెన్స్ డెస్క్. ప్రీ ఆథరైజేషన్లు, అంటే క్యాష్‌లెస్ వైద్యానికి ముందస్తు అనుమతి రిక్వెస్టులు పంపడం, టీపీఏ వాళ్లు, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసేవాళ్లు, క్వెరీ వేస్తే డాక్టర్ల వెంటపడి జవాబు రాయించుకోవడం, ఆరోగ్యశ్రీ ఫైళ్లు చూడటం, ఇదే నా పని. పై పోస్ట్ ఎప్పుడడిగినా ఒకటే మాట, ఎంహెచ్‌ఏ ఉందా అని. నిమ్స్‌లో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ ఉంది, హెచ్‌సీయూలో హెల్త్‌కేర్ అండ్ హాస్పిటల్ మేనేజ్‌మెంట్ ఎంబీఏ ఉంది, ముంబై టిస్‌లో హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ ఉంది, అవన్నీ నాకు తెలుసు, కానీ రెగ్యులర్‌గా కాలేజీకి వెళ్తే ఇంటి అద్దె ఎవరు కడతారు, తమ్ముడి ఫీజు ఎవరు కడతారు. అందుకని 2023 జనవరిలో ఈ సెంటర్‌కి వెళ్లా. వేరే రాష్ట్రం ప్రైవేట్ యూనివర్సిటీ, డిస్టెన్స్‌లో రెండేళ్ల ఎంహెచ్‌ఏ అన్నాడు.

నేనేమీ గుడ్డిగా వెళ్లి కట్టలేదండీ. సార్, ఈ యూనివర్సిటీకి గుర్తింపు ఉందా అని మొదటి రోజే అడిగా. వెంటనే ఫోన్ తీసి యూజీసీ సైట్‌లో యూనివర్సిటీ పేరు చూపించాడు. ఇంటికొచ్చి నేను మళ్లీ చూసుకున్నా, పేరు ఉంది. అక్కడితో నమ్మేశా. యూనివర్సిటీకి గుర్తింపు ఉండటం వేరు, ఆ కోర్సుని డిస్టెన్స్‌లో నడపడానికి ఆ సంవత్సరం పర్మిషన్ ఉండటం వేరు అని నాకప్పుడు తెలీదు. రెండోదానికి యూజీసీలో డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో అని విడిగా ఉంది, డీఈబీ అంటారు, వాళ్ల సైట్‌లో ఏ యూనివర్సిటీకి ఏ కోర్సుకి ఏ సెషన్‌కి పర్మిషన్ ఇచ్చారో జాబితా పెడతారు. ఐదు నిమిషాల పని అది. ఆ ఐదు నిమిషాలు నేను పెట్టలేదు.

ఇంకోటి, ఆ రోజే అతను ఒక మాటన్నాడు. "మేడం, కొంచెం ఎక్కువ కడితే పాత సెషన్‌లో వేసి ఏడాదిలో ఇప్పించేస్తా" అని. వద్దు సార్, నేను రెండేళ్లూ చదివే చేస్తా అన్నా. నా వైపు అదోలా చూసి సరే మీ ఇష్టం అన్నాడు. రెండేళ్ల డిగ్రీని ఏడాదిలో ఇస్తానన్నవాడి దగ్గర అసలు కూర్చోకూడదు కదా, నేను మాత్రం నావరకు న్యాయంగా చేసుకుంటే చాలనుకున్నా. ఆ మాట తలుచుకుంటే రాత్రి నిద్ర పట్టట్లేదు.

డబ్బు విషయానికొస్తే అడ్మిషన్‌కి 30,000, రెండో సంవత్సరం 40,000, పరీక్ష ఫీజు రెండుసార్లు ఆరేసి వేలు, చివర్లో సర్టిఫికెట్లకని 10,000. మొత్తం 92,000. అమ్మ గొలుసు బ్యాంకులో పెట్టి కట్టా, వడ్డీ ఇంకా కడుతున్నా. ఒక్క రూపాయి కూడా యూనివర్సిటీ ఖాతాకి పోలేదు, అన్నీ ఫోన్‌పేలో ఒక మనిషి పేరు మీదికే పోయాయి. రసీదు మీద సెంటర్ ముద్ర ఉంది, యూనివర్సిటీ పేరు లేదు. ఇవన్నీ అప్పుడు కళ్లెదురుగానే ఉన్నాయి.

కానీ నేను చదివాను. ఈ మాట ఎందుకు గట్టిగా చెప్తున్నానో కింద తెలుస్తుంది. వాళ్లిచ్చింది నాలుగు స్పైరల్ పుస్తకాలు, సరిపోక నేనే బయట పుస్తకాలు కొనుక్కుని, డ్యూటీ అయ్యాక రాత్రి పదకొండు, పన్నెండింటిదాకా కూర్చునేదాన్ని. బెడ్ ఆక్యుపెన్సీ (బెడ్లు ఎంతవరకు నిండుతున్నాయి), యావరేజ్ లెంగ్త్ ఆఫ్ స్టే (పేషెంట్ సగటున ఎన్ని రోజులుంటున్నాడు) లాంటివి మా హాస్పిటల్ లెక్కలతోనే వేసి చూసుకునేదాన్ని. మందుల స్టోర్‌లో ఏబీసీ, వీఈడీ అని రెండు రకాలుగా చూస్తారు, ఒకటి ఖర్చుని బట్టి, ఇంకోటి అవసరాన్ని బట్టి. అడ్రినలిన్ ఇంజెక్షన్ ఖరీదు ఎంతని, అకౌంట్స్ లెక్కలో ఎక్కడో అడుగున ఉంటుంది, కానీ ఎమర్జెన్సీలో అది చేతికి అందకపోతే మనిషి పోతాడు. అలాంటివి స్టోర్‌లో ఎన్ని ఉన్నాయో, ఒక్కోటి కనీసం ఎంత ఉండాలో నేనూ ఫార్మసీ ఇన్‌ఛార్జ్ గారూ కూర్చుని జాబితా రాశాం. ఆ కాగితం ఇవాళ్టికీ అక్కడ గోడకి అంటించి ఉంది.

ప్రాజెక్ట్ అయితే నాలుగు నెలలు చేశా. 2024 మే నెలాఖర్లో ఇన్సూరెన్స్ కంపెనీలకి రూల్స్ పెట్టే ఐఆర్‌డీఏఐ ఒక సర్క్యులర్ ఇచ్చింది, క్యాష్‌లెస్ రిక్వెస్ట్‌కి గంటలో నిర్ణయం చెప్పాలి, డిశ్చార్జ్ అప్రూవల్ మూడు గంటల్లో ఇవ్వాలి అని. నేను రోజూ ఆ డెస్క్ మీదే ఉంటా కదా, అదే తీసుకున్నా. 64 మంది పేషెంట్ల డిశ్చార్జ్ చిన్న నోట్‌బుక్‌లో రాసుకున్నా, డాక్టర్ గారు రౌండ్స్‌లో ఇంటికెళ్లొచ్చు అన్న టైమ్, డిశ్చార్జ్ సమ్మరీ టైప్ అయిన టైమ్, మిగిలిన మందులు ఫార్మసీకి తిరిగొచ్చిన టైమ్, ఫైనల్ బిల్లు, టీపీఏకి పంపింది, అప్రూవల్ వచ్చింది, వీల్‌చైర్ గేటు దాటింది, అన్నీ. తేలిందేంటంటే పేషెంట్ల మనుషులు మా కౌంటర్ దగ్గర నిలబడి ఇన్సూరెన్స్ కంపెనీని తిడుతుంటారు, చాలా కేసుల్లో ఫైల్ అప్పటికింకా కంపెనీకి వెళ్లనే లేదు. ఆ మూడు గంటల లెక్క మనం రిక్వెస్ట్ పంపాకే మొదలవుతుంది, మా దగ్గరేమో సమ్మరీ మీద సంతకానికే పూట గడిచిపోతోంది. ఇదంతా 140 పేజీలు నేనే టైప్ చేసి, స్పైరల్ చేయించి, మొదటి పేజీలో అమ్మకి అని రాసి తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టా.

పరీక్షలు ఒక ఆదివారం ఏదో స్కూల్లో పెట్టారు, చుట్టూ అందరూ పుస్తకాలు తెరిచి రాస్తున్నారు. నేను తెరవలేదు. లేచి బయటికి వచ్చేయాల్సింది, రాలేదు.

ఈ ఏడాది సర్టిఫికెట్ చేతికొచ్చింది. క్యూఆర్ కోడ్ కూడా ఉంది, స్కాన్ చేస్తే నా ఫొటో, మార్కులు అన్నీ వస్తాయి. వేరే హాస్పిటల్లో అసిస్టెంట్ మేనేజర్ ఆపరేషన్స్‌కి ఇంటర్వ్యూ ఇచ్చా, నా డిశ్చార్జ్ ప్రాజెక్ట్ గురించే అరగంట అడిగారు, ఆఫర్ ఇచ్చారు. ఉన్న ఉద్యోగానికి రాజీనామా పెట్టా. నోటీసులో ఇంకా నాలుగు రోజులుందనగా ఆ కొత్త హాస్పిటల్ హెచ్‌ఆర్ మేడం ఫోన్ చేసి ఒకసారి రండమ్మా అన్నారు. వెళ్తే మానిటర్ నా వైపు తిప్పి మెయిల్ చూపించారు. వెరిఫికేషన్ ఏజెన్సీ యూనివర్సిటీకి రాస్తే వచ్చిన జవాబు, ఈ ఎన్‌రోల్‌మెంట్ నంబరు మా రికార్డుల్లో లేదు అని. క్యూఆర్ ఉంది కదా మేడం అన్నా. ఆవిడే నా ఎదురుగా స్కాన్ చేసి పైన అడ్రస్ చూడమన్నారు. అసలు యూనివర్సిటీ సైట్ ఏసీ డాట్ ఇన్‌తో ముగుస్తుంది, ఇది డాట్ ఆర్గ్. ఏసీ డాట్ ఇన్, ఈడీయూ డాట్ ఇన్ విద్యాసంస్థలకి తప్ప ఇవ్వరట, డాట్ ఆర్గ్ మాత్రం ఎవరైనా కొనుక్కోవచ్చు. "నువ్వు తయారుచేసిందని నేననుకోవట్లేదమ్మా, కానీ ఫైల్‌లో దొంగ సర్టిఫికెట్ అనే రాయాలి" అన్నారు ఆవిడ. ఆరేళ్లుగా ఒక్క బిల్లులో ఒక్క రూపాయి తేడా రానివ్వని దాన్ని, నా పేరు పక్కన ఆ మాట.

అక్కణ్నుంచి సరాసరి అమీర్‌పేటే వెళ్లా. రిసెప్షన్‌లో పిల్ల నన్ను గుర్తుపట్టి తల దించుకుంది. లోపల అతను ఫోన్ మాట్లాడుతూ చేత్తో కూర్చోమని సైగ చేశాడు. పావుగంట. తర్వాత మెయిల్ కాపీ టేబుల్ మీద పెట్టా. చదివి, ఏమాత్రం తడబడకుండా అన్నాడు, "మేడం, మీకు సర్టిఫికెట్ కావాలన్నారు, ఇచ్చాం. వెరిఫికేషన్‌కి నిలబడేది కావాలంటే దాని రేటు వేరు, అది మీరు అప్పుడే చెప్పాలి" అని.

నేను రెండేళ్లు చదివాను సార్ అన్నా. గొంతు పూడుకుపోయి ఆ ఒక్క మాటే వచ్చింది.

"చదవమని మిమ్మల్ని ఎవరన్నారు మేడం?"

ఈ మాట అని నవ్వాడు. పక్క టేబుల్ దగ్గర కొత్తగా ఫారం నింపుతున్న అబ్బాయి ఉన్నాడు, వాడూ నవ్వాడు, ఏం అర్థమై నవ్వాడో తెలీదు. డబ్బు పోయినందుకు ఏడుపు రాలేదు నాకు, ఆ మాటకి వచ్చింది. డబ్బు తిరిగివ్వండి అంటే, "ఎక్కువ మాట్లాడితే దొంగ సర్టిఫికెట్ పెట్టింది మీరు, మీ మీదే కేసవుతుంది, ఆలోచించుకోండి" అన్నాడు. నమ్మించి గొంతు కోసి, చివరికి దొంగని కూడా నన్నే చేశాడు.

లేచి బయటికొస్తుంటే చూశా. మూల నీళ్ల క్యాన్ స్టాండ్ ఒక కాలు పొట్టిగా ఉన్నట్టుంది, ఒరగకుండా దాని కింద స్పైరల్ పుస్తకాలు పెట్టారు. పైది నాదే. నీలం అట్ట, మీద నా పేరు, నా దస్తూరీ. క్యాన్ ఎత్తి పక్కన పెట్టి అది లాక్కున్నా, ఎవరూ ఆపలేదు. 140 పేజీలు, ఒక్క పేజీ తెరిచిన గుర్తు లేదు, వెనక అట్టకి నేను పెట్టిన పిన్ను, కవరింగ్ లెటర్ అలాగే ఉన్నాయి. నీళ్లు కారి అమ్మకి అని రాసిన చోట సిరా అలుక్కుపోయింది. లిఫ్ట్ దగ్గర ఆ రిసెప్షన్ పిల్ల పరిగెత్తుకొచ్చి, "అక్కా, ఈ నెలలో మీరు నాలుగోవాళ్లు" అని మెల్లగా చెప్పి వెళ్లిపోయింది.

మా ఇన్‌ఛార్జ్ మేడం పుణ్యమా అని రాజీనామా వెనక్కి తీసుకున్నారు, మళ్లీ అదే డెస్క్ మీద కూర్చున్నా. అమ్మకి గొలుసు సంగతి ఇంకా పూర్తిగా చెప్పలేదు.

సలహా చెప్పేంత దాన్ని కాదు కానీ తెలిసినవి రాస్తా. డీఈబీ సైట్‌లో యూనివర్సిటీ ఒక్కటే కాదు, కోర్సు, డిస్టెన్సా ఆన్‌లైనా, మీరు చేరే సెషన్ కూడా చూడండి. 2024 సెప్టెంబర్ నుంచి డిస్టెన్స్, ఆన్‌లైన్ కోర్సుల్లో చేరాలంటే స్టూడెంటే డీఈబీ ఐడీ చేసుకోవాలి, అది అక్కర్లేదు మేం చూసుకుంటాం అన్నారంటే లేచి వచ్చేయండి. ఫ్రాంచైజీ సెంటర్ పెట్టి అడ్మిషన్లు చేయడం యూజీసీ రూల్స్‌లో కుదరదు, వేరే రాష్ట్రం ప్రైవేట్ యూనివర్సిటీ మన దగ్గర డిస్టెన్స్ స్టడీ సెంటర్ తెరవడమూ కుదరదు. ఫీజు యూనివర్సిటీ ఖాతాకే కట్టండి. సర్టిఫికెట్ డిజీలాకర్‌లో పడుతుందా అని అడగండి. ఇప్పటికే ఇలాంటి కాగితం చేతిలో ఉన్నవాళ్లు దయచేసి దాన్ని ఎక్కడా పెట్టకండి, ముందు యూనివర్సిటీ రిజిస్ట్రార్ ఆఫీసుకి మీరే మెయిల్ చేసి కనుక్కోండి.

స్టేషన్‌లో కాగితం ఇచ్చా, ఎఫ్‌ఐఆర్ ఇంకా కాలేదు. తమ్ముడి ఫ్రెండ్ లాయర్, 2024 జులై 1కి ముందు కట్టిన డబ్బుకి పాత ఐపీసీ 420, తర్వాతదానికి దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌లో 318 కింద మోసం కేసు రాయమని అడగాలన్నాడు, కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో కూడా నమోదు చేయించాడు. సోమవారం పొద్దున మళ్లీ వెళ్తున్నాం. అదే సెంటర్‌లో కట్టినవాళ్లు ఎవరున్నా ఫోన్‌పే హిస్టరీ, వాట్సాప్ మెసేజ్‌లు, రసీదులు ఏవీ డిలీట్ చేయకుండా పెట్టుకుని నాకు మెసేజ్ చేయండి, నలుగురం కలిసి వెళ్తే కాగితం కదులుతుంది. ఆ రోజు అక్కడ ఫారం నింపుతున్న అబ్బాయి ఎవరికైనా తెలిస్తే, ముందు వాడికి చెప్పండి.