లాక్ వేసిన ఫోన్‌లో అత్యవసర నంబర్లు: ఎనిమిదేళ్లు వాడాక

ఎనిమిదేళ్ల క్రితం ఒక సాయంత్రం నాన్న వాకింగ్‌కి వెళ్లి, దారిలో కళ్లు తిరిగి పడిపోయారు. నుదురు చిట్లింది. అటుగా వెళ్తున్న ఒకబ్బాయి ఆయన్ని దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్లి, మాలో ఎవరికైనా చెబుదామని జేబులోంచి ఫోన్ తీశాడు. ప్యాటర్న్ లాక్. నాన్న అప్పటికి సరిగ్గా మాట్లాడే స్థితిలో లేరు. డాక్టరేమో "ఈయన ఏం మందులు వాడతారు?" అని అడుగుతున్నారు. నాన్న రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడతారు. తలకు దెబ్బ తగిలినప్పుడు డాక్టర్‌కి ముందుగా తెలియాల్సింది అదే. ఆ మాట చెప్పగలిగిన నా నంబరు ఆ ఫోన్‌లోనే ఉంది, అత్యవసరంలో ఫోన్ చేయాల్సిన మనిషి అనే గుర్తుగా "ఐసీఈ" అనే పేరుతో. నేనే సేవ్ చేసిపెట్టాను. లాక్ తీస్తే తప్ప అది కనపడదు. నలభై నిమిషాలకి, ఇంకా ఇంటికి రాలేదేమిటని అమ్మ ఫోన్ చేస్తే ఆ అబ్బాయి ఎత్తి సంగతి చెప్పాడు.

నాన్న బాగానే బయటపడ్డారు. ఆ రాత్రి నుంచి మా ఇంట్లో ప్రతి ఫోన్‌లోనూ అత్యవసర వివరాలు పెట్టే పని నేను తీసుకున్నాను. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలోనూ వాడుతూ వస్తున్నాను కాబట్టి, ఏది పనికొచ్చిందో, ఏది పనికిరాలేదో రాస్తున్నాను.

ముందుగా ఐసీఈ గురించి. "ఇన్ కేస్ ఆఫ్ ఎమర్జెన్సీ" అనే మాటకి పొట్టి రూపం అది. బ్రిటన్‌లో బాబ్ బ్రాచీ అనే పారామెడిక్ (అంబులెన్స్‌లో వచ్చి వైద్య సాయం చేసే ఉద్యోగి) 2005లో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. అదే ఏడాది జులైలో లండన్‌లో బాంబు పేలుళ్లు జరిగాక చాలా దేశాలకి పాకింది. ఆ రోజులకి అది చాలా మంచి ఆలోచన. బటన్ ఫోన్ ఎవరి చేతికొచ్చినా కాంటాక్ట్స్ తెరిచి చూడొచ్చు. ఇప్పుడు వేలిముద్రో, పిన్నో లేని ఫోన్ అరుదు. లాక్ ఉన్న ఫోన్‌లో ఐసీఈ పేరు ఒక్కటే పెట్టి ఊరుకుంటే లాభం లేదని నా అనుభవం. మా పెద్దమ్మ ఇప్పటికీ లాక్ లేని బటన్ ఫోనే వాడుతుంది, ఆవిడ ఫోన్‌లో మాత్రం అలాగే ఉంచాను. పేరు ముందు "01" కూడా పెట్టాను. భాష తెలియని వాళ్లకీ అర్థమవ్వాలని అంతర్జాతీయ టెలికాం యూనియన్ 2008లో సూచించిన పద్ధతి అది. అంకెతో మొదలవుతుంది కాబట్టి ఆ పేరు జాబితాలో పైకి వచ్చి కూర్చుంటుంది కూడా.

ఇక అసలైనది లాక్ స్క్రీన్ మీద కనిపించే వివరాలు. ఐఫోన్‌లో 2014 నుంచి, అంటే ఐఓఎస్ 8 నుంచి, హెల్త్ యాప్‌లో మెడికల్ ఐడీ ఉంది. ఆండ్రాయిడ్‌లో 2016లో, ఏడో వెర్షన్‌తో వచ్చింది. సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ అనే చోట చూస్తే దొరుకుతుంది. పేరు, జబ్బులు, మందులు, పడని మందులు, బ్లడ్ గ్రూప్, ఫోన్ చేయాల్సిన మనుషులు, అన్నీ నింపడానికి పది నిమిషాలు పట్టదు. అయితే "లాక్‌లో ఉన్నప్పుడు చూపించు" అనే స్విచ్ ఒకటుంది. అది ఆన్‌లో లేకపోతే పడ్డ శ్రమంతా వృథా. మా బావగారి ఐఫోన్‌లో అన్ని వివరాలూ ఓపిగ్గా నింపి ఉన్నాయి, ఆ స్విచ్ మాత్రం ఆఫ్‌లో ఉంది. ఆయన ఏడాదిన్నరగా అంతా సిద్ధంగా ఉందనే అనుకుంటున్నారు.

ఏం రాయాలన్నది నేను చాలాసార్లు మార్చుకున్నాను. మొదట్లో బ్లడ్ గ్రూప్ అన్నిటికంటే ముఖ్యం అనుకునేదాన్ని. ఆసుపత్రిలో ఫోన్‌లో రాసింది చూసి రక్తం ఎక్కించరు, వాళ్లు పరీక్ష చేసుకునే ఎక్కిస్తారు. బ్లడ్ గ్రూప్ రాస్తే నష్టం లేదు, కానీ దానికంటే పెన్సిలిన్ పడదనో, ఇన్సులిన్ వాడుతున్నారనో, నాన్నలాగా వార్ఫరిన్ మీద ఉన్నారనో రాస్తే ఎక్కువ మేలు. మందు పేరు కూడా కంపెనీ పెట్టిన పేరు కాకుండా, అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు రాస్తే ఏ డాక్టర్‌కైనా వెంటనే అర్థమవుతుంది. ఇంటి అడ్రస్ నేను పెట్టలేదు. ఫోన్ ఎవరి చేతిలో పడినా ఈ పేజీ తెరుచుకుంటుంది కదా, అందుకని.

నాన్న విషయంలో ఇది అక్కరకొచ్చింది మూడేళ్ల తర్వాత. బస్సులో ఒంట్లో బాగోలేక సీట్లోనే ఒరిగిపోయారట. పక్క సీటావిడ ఫోన్ తీసుకుని, కింద ఉన్న "ఎమర్జెన్సీ" నొక్కారు. నంబర్లు కొట్టే పలక వచ్చింది. చాలామంది అక్కడే ఆగిపోతారు, అది కేవలం 112 లాంటి నంబర్లకే అనుకుంటారు. ఆవిడ ఆ తెర మీదే ఇంకోచోట ఉన్న "ఎమర్జెన్సీ ఇన్ఫర్మేషన్" చూసి దాన్నీ నొక్కారు. ఒకసారి నొక్కితే తెరుచుకోలేదట, మళ్లీ నొక్కితే అమ్మ పేరు, నా పేరు కనిపించాయి. అమ్మకి చేస్తే ఎత్తలేదు. నాకు చేశారు. నా ఫోన్‌లో "నాన్న" అని వెలిగింది, ఎత్తితే తెలియని గొంతు. ఆ ఒక్క క్షణం నా ఒళ్లు చల్లబడింది. కానీ ఆవిడ ఎంత నిదానంగా చెప్పారంటే, ఐదు నిమిషాల్లో నేను ఆసుపత్రి వాళ్లతో మందుల గురించి మాట్లాడుతున్నాను. ఆవిడకి నేను ఎన్నిసార్లు థ్యాంక్స్ చెప్పినా తక్కువే.

ఆవిడకి ఓపిక ఉంది కాబట్టి రెండోసారి నొక్కారు. అందరూ నొక్కకపోవచ్చు. అందుకే ఆ తర్వాత లాక్ స్క్రీన్ మీదే ఒక వాక్యం పెట్టాను. ఆండ్రాయిడ్‌లో దానికి విడిగా సెట్టింగ్ ఉంది. ఐఫోన్‌లో అయితే నంబరు రాసిన బొమ్మనే వాల్‌పేపర్‌గా పెట్టాను, అక్షరాలు గడియారం కిందకి, మరీ అడుగుకి కాకుండా వచ్చేలా. తెర వెలిగితే చాలు, ఏమీ నొక్కక్కర్లేదు. నాన్న ఫోన్ మీద ఇంగ్లిష్‌లో రెండు నంబర్లు, కింద "డాటర్" అనే మాట ఉంటాయి. కాంటాక్ట్ పేరు తెలుగులో "అమ్మ" అని ఉంటే తెలుగు చదవలేని వాళ్లకి అది గీతల్లాగే కనిపిస్తుంది, కాబట్టి పేరూ, బంధుత్వమూ ఇంగ్లిష్‌లోనే పెట్టాను. నంబరు ప్లస్ గుర్తు, దేశం కోడ్‌తో సహా రాశాను. ప్రయాణంలో ఏ దేశంలో ఉన్నా ఆ నంబరు కలుస్తుంది.

ఎవరి నంబరు పెట్టాలన్నది సెట్టింగ్స్ కంటే పెద్ద ప్రశ్న అని ఇన్నేళ్లలో నాకు అర్థమైంది. మనకి అందరికంటే దగ్గరి మనిషి పేరు పెట్టేస్తాం. అమ్మ ఫోన్ ఎప్పుడూ సైలెంట్‌లోనే ఉంటుంది, తెలియని నంబరు అసలు ఎత్తదు. వాల్‌పేపర్ మీది నంబరు చూసి ఎవరైనా తమ ఫోన్ నుంచి చేస్తే వచ్చేది తెలియని నంబరే. ఇప్పుడు నాన్న ఫోన్‌లో మొదటి పేరు నాది, రెండోది అక్కది, మూడోది అమ్మది. అక్కతో, అమ్మతో కూర్చుని మాట్లాడాను: నాన్న ఏం మందులు వాడతారు, ఎవరికి చెప్పాలి, తెలియని నంబరు రెండుసార్లు వెంటవెంటనే మోగితే తప్పకుండా ఎత్తాలి. కాల్స్ మోగకుండా ఆపే డు నాట్ డిస్టర్బ్ మోడ్‌లో కూడా, రిపీట్ కాల్స్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, ఒకే నంబరు నుంచి వచ్చే రెండో కాల్ మోగుతుంది. ఐఫోన్‌లో మూడు నిమిషాల్లోపు రావాలి, ఆండ్రాయిడ్‌లో పదిహేను నిమిషాల్లోపు.

పవర్ బటన్ గబగబా ఐదుసార్లు నొక్కితే సాయం పిలిచే సదుపాయం గురించి నాకు మిశ్రమ అభిప్రాయం ఉంది. అవసరంలో గొప్ప సంగతే. కానీ నాన్న బిగుతు జేబులో ఫోన్ పెట్టుకుని వంగినప్పుడు రెండుసార్లు దానంతటదే మొదలై సైరన్ మోగింది. రెండోసారి అక్కకి లొకేషన్‌తో మెసేజ్ వెళ్లిపోయి ఇంటిల్లిపాదికీ టెన్షన్. నాన్న ఫోన్‌లో దాన్ని ఆపేశాను. ఒంటరిగా రాత్రి ప్రయాణాలు చేసే మా చెల్లి ఫోన్‌లో మాత్రం ఉంచాను, ఎలా రద్దు చేయాలో రెండుమూడుసార్లు చేయించి చూపించాక.

ఫోన్ మార్చినప్పుడు జాగ్రత్త. ఆండ్రాయిడ్ ఫోన్ కొత్తది కొన్నప్పుడు ఫోటోలు, కాంటాక్ట్స్ అన్నీ వచ్చాయి, అత్యవసర వివరాలు మాత్రం నాకు రాలేదు. నాలుగు నెలల తర్వాత గానీ చూసుకోలేదు. అప్పటి నుంచి మందు మారినా, ఫోన్ మారినా ఆ రోజే చూస్తాను. చూడటం అంటే సెట్టింగ్స్ తెరవడం కాదు. ఫోన్ లాక్ చేసి, ఇంట్లో ఇంకొకరి చేతికిచ్చి, "నాకు స్పృహ లేదనుకో, నా వాళ్లకి ఫోన్ చెయ్" అంటాను. మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్లు, వాడికి ఇరవై సెకన్లు పట్టింది. అమ్మకి దొరకనేలేదు, అందుకే వాల్‌పేపర్ మీద అక్షరాలు ఇంకా పెద్దవి చేశాను.

స్క్రీన్ పగిలినా, ఛార్జింగ్ అయిపోయినా ఇవేవీ పనిచేయవు. నాన్న ఫోన్ కవర్ లోపల, వెనకవైపు, చేత్తో రాసిన చిన్న చీటీ ఉంది: పేరు, వార్ఫరిన్, రెండు నంబర్లు. చెమటకి సిరా అలుక్కుపోతోందని పోయిన నెల పెన్సిల్‌తో తిరగరాసి, పైన టేపు అంటించాను.