కుష్టు నయమయ్యాక ఏ పని మేలు: కాలనీ మగ్గమా, జీతం కొలువా, ఊళ్లో కొట్టా?

కుష్టు వ్యాధికి మందు గురించి ఇప్పుడు పెద్ద చర్చ అక్కర్లేదు. రెండు మూడు మందులు కలిపి ఇచ్చే ఎండీటీ కోర్సు సర్కారు దవాఖానల్లో ఉచితం. మచ్చలు అయిదు లోపు ఉంటే 6 నెలలు, అంతకంటే ఎక్కువైతే 12 నెలలు వాడాలి. వాడడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే వేరేవాళ్లకు అంటించే గుణం పోతుంది. చిక్కు మొదలయ్యేది కోర్సు పూర్తయ్యాక. మందు క్రిమిని చంపుతుంది, దెబ్బతిన్న నరాన్ని మాత్రం తిరిగి తేలేదు. ఆ చేతులతో, ఆ కాళ్లతో రేపటి నుంచి ఏం పని చేసుకోవాలి?

వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు ఇళ్లలో ఈ మాట వచ్చినప్పుడు తిరిగేది కొన్ని దారుల చుట్టే. కుష్టు వచ్చినవాళ్లు కలిసి బతికే కాలనీకి పోయి అక్కడి పనిలో చేరడం, శిక్షణ తీసుకుని జీతానికి కుదరడం, ఊళ్లోనే కొట్టో పాడి గేదెలో పెట్టుకోవడం. లేదంటే పింఛన్ మీద ఇంటిపట్టున ఉండిపోవడం.

పింఛన్‌ను నేను పోటీలోనే పెట్టను. సదరం క్యాంపులో వైకల్యం 40 శాతమని తేలితే దివ్యాంగుల పింఛన్‌కు దరఖాస్తు పెట్టాల్సిందే. అది 2023లో 3,016 నుంచి 4,016 రూపాయలు అయింది. గిరాకీ లేని నెలలో బియ్యం, పప్పు కొనే డబ్బు అది. దాన్నే బతుకుదెరువు అనుకుంటే మాత్రం, ‘నీకు పింఛన్ వస్తోంది కదా, ఓ మూలకు కూసో’ అనే మాట ఇంట్లోవాళ్ల నోటి నుంచే మొదలవుతుంది.

మిగతావాటిని తూచే ముందు ఒక సంగతి. చుట్టాలు చూసేది వంగిపోయిన వేళ్లను. అసలు చూడాల్సింది స్పర్శ ఎక్కడ పోయిందో. వంకర వేళ్లతో కూడా మనిషి చాలా పనులు అలవాటు చేసుకుంటాడు, అవసరమైతే ఆపరేషన్‌తో కొంత సరిచేయవచ్చు. స్పర్శ లేని చేతికి వేడి తెలియదు, ముల్లు గుచ్చినా తెలియదు. పుండు పడ్డ సంగతి రక్తం కనబడితే గానీ తెలియదు. మన దగ్గర కూలిపనులు ఈ లెక్కకు దాదాపు అన్నీ ఎదురే. పత్తి ఏరేటప్పుడు ఎండిన కాయ మొనలు వేళ్లను గీరుతూనే ఉంటాయి. నాట్లప్పుడు రోజంతా బురదలో నానిన పాదానికి ఏ గాజు పెంకు దిగినా సాయంత్రం దాకా బయటపడదు. బీడీలు చుట్టడం కూర్చుని చేసే పనే కదా అంటారు. దానికి కావలసిందే వేలికొసల స్పర్శ. పైగా నేల మీద మడిచిపెట్టుకుని కూర్చుంటే చీలమండ బయటి ఎముక దగ్గర ఒత్తిడి పడి పుండ్లు లేస్తాయి.

ఇక కాలనీ సంగతి. దీనికి ఈ నేల మీదే పాత చరిత్ర ఉంది. నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్, జార్జ్ కెర్ అనే మిషనరీ దంపతులు 1915లో కుష్టు ఆసుపత్రి మొదలుపెట్టారు. దానికి పెద్ద విరాళమిచ్చింది రాజా నర్సాగౌడ్. హైదరాబాద్ కూకట్‌పల్లిలో రాణీ కుముదినీదేవి 1958లో శివానంద పునరావాస కేంద్రాన్ని నెలకొల్పారు. కాజీపేట నుంచి బల్లార్ష మీదుగా ఉత్తరానికి పోయే రైలు దారిలోనే మహారాష్ట్రలోని వరోరా ఉంది. అక్కడ బాబా ఆమ్టే పెట్టిన ఆనందవన్‌లో రోగులే పొలం దున్నారు, మగ్గం నేశారు, ఇళ్లు కట్టుకున్నారు. ఇంటినుంచి వెళ్లగొట్టిన మనిషికి ఆ రోజుల్లో అంతకు మించిన ఆసరా లేదు. ఇప్పటికీ కాలనీలో రెండు లాభాలున్నాయి. పుండుకు కట్టు కట్టేవాళ్లు దగ్గర్లో ఉంటారు, చేతిని చూసి మొహం తిప్పుకునేవాళ్లు ఉండరు. మగ్గం పిడికి మెత్తటి గుడ్డ చుట్టడం, పిడి లావు పెంచడం లాంటి మార్పులు అక్కడివాళ్లకు మామూలు.

కానీ నేసిన గుడ్డ ఎవరు కొంటారు? వరంగల్ కొత్తవాడ జంపఖానాకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా చోటి ప్రత్యేక సరుకు అనే ముద్ర, వచ్చింది, అయినా అక్కడి చేయి తిరిగిన నేతగాళ్లకే గిట్టుబాటు కష్టంగా ఉంది. అలాంటప్పుడు కాలనీ మగ్గం విరాళాలు, ఆర్డర్ల మీద ఆధారపడక తప్పదు. ముప్పయ్యేళ్లుగా కాలనీలో ఉంటున్న ముసలవ్వను ఇప్పుడు ఊరికి పొమ్మనడం అన్యాయం, ఆమె ఊరు అదే. నిన్న మొన్న మందు పూర్తి చేసిన నలభై ఏళ్ల మనిషిని కొత్తగా కాలనీకి పంపడం మాత్రం నాకు నచ్చదు. మందు లేని కాలంలో వచ్చిన ఏర్పాటును, మందు ఉన్న మనిషి మీద రుద్దడమే అది.

జీతం కొలువు వయసులో ఉన్నవాళ్లకు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం కేటాయిస్తుంది, అందులో 1 శాతం కదలికల వైకల్యం ఉన్న వర్గానికి. కుష్టు నయమైనవాళ్లను అందులోనే చేర్చారు. చదువు, సర్టిఫికెట్ రెండూ ఉంటే దాని మీద ఆశ పెట్టుకోవచ్చు, దాని కోసమే చేతులు కట్టుకుని కూర్చోవద్దు. శిక్షణ విషయానికొస్తే, లెప్రసీ మిషన్ వాళ్ల వృత్తి శిక్షణ కేంద్రం విజయనగరంలో ఉంది. వ్యాధి వచ్చినవాళ్ల పిల్లలనూ చేర్చుకుంటారు. నా దృష్టిలో ఈ దారి వల్ల ఎక్కువ మేలు జరిగేది ఆ పిల్లలకే. చేయి తిమ్మిరి ఉన్న కుర్రాడికి మోటారు మెకానిక్ పని నేర్పి వేడి సైలెన్సర్ ముందు నిలబెట్టడం తెలివైన పని కాదు. కంప్యూటర్ పని, లెక్కలు రాసే పని అతనికి నయం.

ఊళ్లో సొంత పని అనగానే అందరూ చెప్పేది మేకలు. పాదంలో స్పర్శ లేకపోతే మేకలు వద్దు, రోజంతా నడకే. టీ కొట్టు కూడా వద్దు. గిన్నె కాలుతుంది, పొగ కంట్లో పడుతుంది. కుష్టు వల్ల రెప్ప పూర్తిగా మూసుకోనివాళ్లకు పిండి గిర్ని దుమ్ము కూడా అంతే చెడు. గేదెల బేరం కొంత నయం. ముల్కనూరు మహిళా డెయిరీ లాంటి సంఘం పాలు పోయించుకునే ఊళ్లలో వెన్న శాతం చూసి డబ్బు ఇస్తారు, ఇల్లిల్లూ తిరిగి అమ్మే పని ఉండదు. పాలు పిండడం, గడ్డి కోయడం ఇంట్లో ఇంకొకరు చేయాలి. ఆ ఇంకొకరు లేకపోతే గేదె జోలికి పోవద్దు.

అందుకే నా ఓటు కిరాణ కొట్టుకు. కూర్చుని చేసే పని, నేల మీద కాకుండా కుర్చీలో. సరుకు వరంగల్ పాత బీట్ బజార్ నుంచి ట్రాలీలో వస్తుంది, బస్తా దించేందుకు మనిషి దొరుకుతాడు. పొట్లం కట్టడం కష్టమైతే పప్పులు, చక్కెర ముందే పావుకిలో ప్యాకెట్లుగా ఇంట్లోవాళ్లు కట్టి పెట్టవచ్చు. మొదటి నెలల్లో గిరాకీ రాదని టెన్షన్ పడతారు. ముందు పిల్లలు వస్తారు, ‘కాకా, రెండు రూపాయల బిస్కెట్’ అంటూ. పెద్దవాళ్లు వచ్చేది ఉద్దెర కోసం. ఉద్దెర ఇవ్వక తప్పదు, ఊరి కొట్టు దాని మీదే నడుస్తుంది, కానీ ఎంతవరకో మొదటిరోజే గీత గీసుకోవాలి. కొట్లు మునిగేది ఉద్దెర దగ్గరే, వ్యాధి వల్ల కాదు.

పెట్టుబడి ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల సంఘం లోన్ నుంచి, స్త్రీనిధి నుంచి వస్తుంది. ఆ డబ్బులో ముందు కొనాల్సింది సరుకు కాదు. మెత్తటి రబ్బరు అడుగున్న ఎంసీఆర్ చెప్పులు ఉన్నాయో లేవో చూడాలి. ఆశ వర్కర్‌ను అడిగితే ఎక్కడ ఇస్తారో చెబుతుంది. రోజూ చేతులు, కాళ్లు నీళ్లలో నానబెట్టి నూనె రాసుకునే టైమ్ కొట్టు తెరిచే టైమ్‌లోంచి తీసుకోవాలి. లోన్ ఎవరి పేరు మీద ఉన్నా, గల్లా పెట్టె ముందు కూర్చుని చిల్లర లెక్కపెట్టేది ఆ మనిషే అయ్యుండాలి. కొడుకు గల్లా దగ్గర, తండ్రి లోపలి గదిలో ఉంటే ఆయనకు కొట్టు పెట్టించినట్టు కాదు.