లక్సర్‌లో ఒకే రాజవంశం వెంట

ఈజిప్టులోని లక్సర్ వెళ్తున్నామని ఎవరైనా చెబితే నేను ఇచ్చే సలహా ఒక్కటే. తెరిచి ఉన్న ప్రతి సమాధీ, ప్రతి గుడీ చూడాలని పరుగులు పెట్టకండి, పద్దెనిమిదో రాజవంశాన్ని పట్టుకుని దాని వెంటే తిరగండి. క్రీ.పూ. 1550 ప్రాంతంలో బయటి నుంచి వచ్చిన హైక్సోస్ పాలకులను తరిమికొట్టిన అహ్మోస్‌తో మొదలై, క్రీ.పూ. 1292 ప్రాంతంలో హొరెంహెబ్‌తో ముగిసిన వంశం ఇది. హత్షెప్సుత్, అఖెనాతెన్, టుటన్‌ఖామున్ అందరూ ఇందులోవాళ్ళే. ఎవరికి ఎవరు ఏమవుతారో తెలిసి వెళ్తే గోడల మీద బొమ్మలు మాట్లాడతాయి.

బస నైలు పడమటి గట్టునే తీసుకోండి. పెద్ద హోటళ్ళు, రైల్వే స్టేషన్ తూర్పు గట్టున ఉన్నాయి కానీ సమాధులన్నీ ఇటువైపే. మేం రేవు దగ్గర గెజీరా ఊళ్ళో ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌లో దిగాం. గది చిన్నది, వేడినీళ్ళు రావడానికి కాస్త టైం పడుతుంది. కానీ పొద్దున్నే బయల్దేరి, క్రూయిజ్ బృందాల బస్సులు వచ్చేలోపే సమాధులుండే రాజుల లోయలో ఉండొచ్చు. అవతలి గట్టుకి వెళ్ళాలంటే స్థానికులు ఎక్కే ఫెర్రీ చాలు, ఖర్చు నామమాత్రం. శాకాహారులకు ఫుల్ అనే బాకలా గింజల కూర, అవే గింజలతో చేసే తామెయ్య వడలు, అన్నం, పప్పు, మాకరోనీ కలిపిన కొషరీ ఎక్కడైనా దొరుకుతాయి. మొలోఖియా మాత్రం ఆకుకూరే కదా అని అడక్కుండా తినకండి, ఎక్కువగా మాంసం కాచిన నీళ్ళతో వండుతారు.

మొదట దేర్ ఎల్ బహరీ. కొండ అంచుకి ఆనించి మెట్లు మెట్లుగా కట్టిన హత్షెప్సుత్ గుడి. భర్త రెండో తుత్మోసిస్ పోయాక, సవతి కొడుకు పసివాడని పాలన చేపట్టిన ఈమె కొన్నేళ్ళకే తనే ఫరోనని, అంటే రాజునని ప్రకటించుకుంది. మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. టికెట్ దగ్గర నుంచి గుడి దాకా తఫ్తఫ్ అనే బ్యాటరీ బండి ఉండటంతో ఆవిడా హాయిగా వచ్చారు. రెండో అంతస్తులో ఎడమవైపు మండపంలో ఎక్కువసేపు గడపండి. ఆఫ్రికా తూర్పు తీరాన ఉండేదని భావించే పుంత్ దేశానికి ఆమె పంపిన ఓడల బొమ్మలు అక్కడే ఉన్నాయి. సాంబ్రాణి జాతి చెట్లను వేళ్ళతో సహా బుట్టల్లో పెట్టి మోసుకొస్తున్నారు. ఓడల కింద నీళ్ళల్లో చేపలు ఏ రకానివో గుర్తుపట్టేంత శ్రద్ధగా చెక్కారు. అదే గుడిలో చాలాచోట్ల రాణి బొమ్మ ఉండాల్సిన చోట ఉలి గాట్లు మాత్రం కనిపిస్తాయి. ఆ సవతి కొడుకే, అంటే మూడో తుత్మోసిస్, తన పాలన చివర్లో, ఆమె పోయిన చాలా ఏళ్ళకి చెరిపించాడు. నాకు ఈ గుడిలో అన్నిటికన్నా బాధ కలిగించినవి ఆ గాట్లే.

రాజుల లోయలో మామూలు టికెట్‌కి మూడు సమాధులు చూడొచ్చు. తెరిచి ఉంటే మూడో తుత్మోసిస్ సమాధిని వదలొద్దు. ఇనుప మెట్లెక్కి కొండ చీలికలోకి వెళ్ళి, మళ్ళీ నిటారుగా దిగాలి. ఉక్కపోత ఎక్కువ, కాబట్టి పెద్దవాళ్ళు కిందే కూర్చోవడం మంచిది. లోపల గది కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. గోడల నిండా గీతల మనుషులే. పెద్ద పాపిరస్ చుట్టను విప్పి గది చుట్టూ అతికించారా అనిపిస్తుంది.

టుటన్‌ఖామున్ సమాధికి టికెట్ వేరు. 1922లో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు హోవార్డ్ కార్టర్ కనుగొన్న సమాధి ఇది. చాలా చిన్నది, బొమ్మలు ఒక్క గదిలోనే ఉన్నాయి, నిధులన్నీ కైరోకి వెళ్ళిపోయాయి. ఆ కుర్రరాజు మమ్మీ మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది. దానికోసమైతే వెళ్ళండి, కళ కోసమైతే వద్దు.

కళ కోసం రామోస్ సమాధికి వెళ్ళండి. మూడో అమెన్‌హోతెప్ దగ్గరా, ఆయన కొడుకు అఖెనాతెన్ దగ్గరా వజీరుగా పనిచేసిన అధికారి ఈయన. సున్నపురాయి మీద విగ్గుల్లో ఒక్కొక్క జడా విడివిడిగా చెక్కారు. ఆ శిల్పాలకు రంగు వేయలేదు, కళ్ళకు మాత్రం నల్లగా గీత దిద్దారు. ఒక గోడ మీద పాత పద్ధతి శిల్పం, ఇంకో గోడ మీద సూర్యబింబం చేతులు చాచిన కొత్త పద్ధతి. పాత దేవుళ్ళను పక్కనపెట్టి సూర్యబింబాన్నే కొలవాలని అఖెనాతెన్ మతం మార్చిన సమయం ఆ ఒక్క గదిలోనే కళ్ళకు కడుతుంది. మేం వెళ్ళినప్పుడు లోపల కాపలాదారు తప్ప ఎవరూ లేరు.

టాక్సీ మాట్లాడుకునేటప్పుడే దారిలో షాపుల దగ్గర ఆపొద్దని చెప్పండి. మా డ్రైవరు అడక్కుండానే పాలరాతి బొమ్మల కార్ఖానాకి తీసుకెళ్ళాడు, అక్కడ గంట పోయింది. గైడ్‌ని పెట్టుకుంటే వివరాలన్నీ బయటే చెప్పించుకోండి, సమాధుల లోపల వాళ్ళు చెప్పకూడదు.

తూర్పు గట్టున ఉన్న కర్నాక్ గుళ్ళ సముదాయంలో జనం బాగా ఉంటారు. హత్షెప్సుత్ నిలబెట్టిన దాదాపు 29 మీటర్ల గ్రానైట్ స్తంభం చూశాక మిగతాది మీ ఓపిక.

లక్సర్ మ్యూజియానికి మాత్రం సగం పూట ఉంచుకోండి. అఖెనాతెన్ కర్నాక్‌లో కట్టించిన గుడిని హొరెంహెబ్ కూల్చి, ఆ రాళ్ళను తన గోపురాల కడుపులో నింపేశాడు. దాచాలనుకున్నవే అలా భద్రంగా మిగిలాయి. వాటిలో 280 పైచిలుకు రాళ్ళను కలిపి ఒక గోడగా నిలబెట్టారు. వంశానికి మూలపురుషుడైన అహ్మోస్ మమ్మీ కూడా ఇక్కడే ఉంది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీని చూసినవాళ్ళు ఇక్కడ తప్పకుండా ఆగుతారు. చాలా ప్యాకేజీల్లో ఈ మ్యూజియం ఉండదు. బుక్ చేసుకునేటప్పుడే అడిగి పెట్టించుకోండి, కుదరదంటే ఫెర్రీ దిగి మీరే వెళ్ళండి.