తిహార్ కాల్ బ్లాకింగ్ టవర్లు: జామర్ కంటే నయమే, కానీ...

జైల్లో ముఠా నడిచేది కత్తి కంటే ఎక్కువగా ఫోన్ మీద. బెదిరింపు వసూళ్లు, బయటి కుర్రాళ్లకు ఆదేశాలు దాంతోనే. ఢిల్లీ తిహార్ జైల్లో పెట్టిన టీ-హెచ్‌సీబీఎస్ (కాల్స్‌ను అడ్డుకునే వ్యవస్థ) టవర్లు ఈ పనికి పాత జామర్ల కంటే మేలు. జామర్ చేసేది ఉత్త రేడియో రొద. 2జీ, 3జీ కాలం నాటిదైతే 4జీ ఫోన్ దాన్ని ఖాతరు చేయదు. పవర్ పెంచితే గోడ అవతలి ఇళ్లలోనూ సిగ్నల్ పోతుంది. టీ-హెచ్‌సీబీఎస్‌లో మాత్రం టెలికాం కంపెనీల సిగ్నల్‌నే లోపలి టవర్ బలంగా వదులుతుంది. ఫోన్లు దాన్నే పట్టుకుంటాయి, అనుమతి లేని నంబర్ల కాల్స్ అక్కడే ఆగుతాయి.

చిక్కల్లా సర్దుబాటులో. ఏ బ్యారక్ మూలలోనైనా బయటి టవర్ సిగ్నల్ లోపలిదాన్ని మించిందా, కాల్ వెళ్లిపోతుంది. ప్రతి గదిలో, ప్రతి ఆపరేటర్ సిమ్‌తో, ప్రతి బ్యాండ్‌లో (ఫ్రీక్వెన్సీ శ్రేణిలో) పరీక్షించాలి. ఏ కంపెనీ కొత్త బ్యాండ్ తెరిచినా మళ్లీ మొదటి నుంచే.

కత్తిని మాత్రం ఇది ఆపదు లెండి. 2023 మేలో గ్యాంగ్‌స్టర్ టిల్లూ తాజ్‌పురియా హత్య తిహార్‌లోనే జరిగింది. ప్రత్యర్థి ముఠావాళ్లు ఊచలు కోసి, దుప్పట్లు పట్టుకుని పై అంతస్తు నుంచి దిగారని కేసు. రోజూ ఊచలు తట్టి చూడటానికి, శత్రువులను వేర్వేరు వార్డుల్లో పెట్టడానికి సిబ్బందే కావాలి.