సముద్ర జీవులు ఎలా కదులుతాయి: గుంటూరులో ఒక పిల్లల ప్రయోగ తరగతిపై సమీక్ష

గుంటూరు బ్రాడీపేటలోని ఒక పిల్లల విజ్ఞాన కేంద్రంలో ఆదివారం ఉదయం సముద్ర జీవుల కదలికలపై ప్రయోగ తరగతి నడుస్తోంది. ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయిని అందులో చేర్పించాను. తల్లిదండ్రులు వెనక కూర్చోవడానికి అనుమతి ఉన్నందున మొదటి నుంచి చివరి వరకు చూడగలిగాను. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు ఉద్దేశించిన ఈ తరగతి రెండు గంటలు సాగుతుంది. రుసుము 400 రూపాయలు, సామగ్రి వారే ఇస్తారు. ఇది సబబైన వెల అని నా అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ పిల్లలు చేప బొమ్మకు రంగులు వేసి ఇంటికి వచ్చేయరు. నీళ్ల తొట్టె ముందు నిలబడి, ఏది ఎందుకు కదిలిందో తామే వెతుకుతారు.

అన్నిటిలోకీ మేలైనది స్క్విడ్ ప్రయోగం. ఆక్టోపస్‌కు దగ్గరి బంధువైన మెత్తని సముద్ర జీవి స్క్విడ్, తన ఒంటిని కప్పి ఉన్న కండర సంచిలోకి నీటిని తీసుకుని, ఆ సంచిని ఒక్కసారిగా బిగించి, తల కింద ఉన్న గొట్టం గుండా బయటికి చిమ్ముతుంది. నీరు ఒక వైపు పోతే జంతువు దానికి ఎదురు వైపు దూసుకుపోతుంది. న్యూటన్ 1687లో ప్రచురించిన మూడవ గమన నియమం ఇదే. అయితే ఉపాధ్యాయురాలు నియమం పేరు ముందుగా ఎత్తలేదు. థర్మాకోల్ ముక్క, బుడగ, వంగే స్ట్రా ఇచ్చి, వాటితో చేసిన పడవను బుడగలోని గాలితో తొట్టె అవతలి అంచుకు చేర్చమని మాత్రమే చెప్పారు. సన్నని స్ట్రా పెట్టిన పడవ నెమ్మదిగా, ఎక్కువసేపు సాగింది. లావు స్ట్రా పెట్టినది వేగంగా కదిలి త్వరగా ఆగిపోయింది. ఇంతలో ఒక పిల్లవాడు “మేడమ్, స్ట్రా పక్కకి వంచితే పడవ తిరుగుతోంది!” అని అరిచాడు. స్క్విడ్ కూడా తన గొట్టాన్ని తిప్పి దిశ మార్చుకుంటుందని ఆమె అప్పుడు చెప్పారు. కారణాన్ని పిల్లల చేతులు ముందే కనిపెట్టాయి కాబట్టి ఆ మాట వారికి వెంటనే పట్టుబడింది. స్క్విడ్ చిమ్మేది గాలిని కాదు గనుక, ఆ తరువాత బుడగలో నీరు నింపి తొట్టెలోనే వదిలి చూపించడం ఆమె శ్రద్ధకు నిదర్శనం.

తరువాతి ప్రయోగం కూడా అందంగా ఉంది గానీ, దాని వివరణ సరిదిద్దుకోవలసి ఉంది. నీళ్లు నిండిన ప్లాస్టిక్ సీసాలో కొంచెం గాలి మిగిలిన పెన్ను మూత తేలుతూ ఉంటుంది; సీసాను నొక్కితే మూతలోని గాలి కుంచించుకుపోయి అది మునుగుతుంది, వదిలితే పైకి వస్తుంది. చేప కూడా ఇలాగే తన ఒంట్లో వాయువు నిండి ఉండే గాలితిత్తిని నొక్కుకుని కిందికి దిగుతుందని పిల్లలకు చెప్పారు. ఇది సరి కాదు. చేప ఈదుకుంటూ లోతుకు వెళ్లినప్పుడు పైనున్న నీటి ఒత్తిడే తిత్తిని కుదిస్తుంది; మునిగిపోకుండా అక్కడే నిలవాలంటే తిత్తిలోకి మరికొంత వాయువు చేరాలి, చాలా చేపల్లో అది రక్తం నుంచి వస్తుంది. సొరచేపకు ఈ తిత్తే లేదు. నూనెతో నిండిన పెద్ద కాలేయం దానిని కొంతవరకు తేల్చి ఉంచుతుంది. ఈ సంగతి చెబితే పిల్లలు ఎంతో ఆసక్తిగా వినేవారు. మన బజారులో బొచ్చెనో శీలావతినో కోయించుకునేటప్పుడు రెండు గదులుగా ఉండే తెల్లని తిత్తి బయటపడుతుంది. అవి మంచినీటి చేపలే అయినా, అలాంటిది ఒకటి పళ్లెంలో పెట్టి చూపితే సీసా ప్రయోగానికి అసలైన తోడు దొరికేది.

తోకల భాగం క్లుప్తంగా, సరిగ్గా ముగిసింది. చేప తోక పక్కలకు ఊగుతుందనీ, నేల మీది క్షీరదాల నుంచి వచ్చిన డాల్ఫిన్ తోక పైకీ కిందికీ ఊగుతుందనీ పిల్లలు అట్ట ముక్కలతో గ్రహించారు. సముద్ర నక్షత్రం (స్టార్‌ఫిష్) కోసం సూది లేని రెండు సిరంజీలను నీళ్లు నింపిన గొట్టంతో కలిపారు. ఒకదానిని నొక్కితే రెండోది బయటికి జరుగుతుంది; నక్షత్రం తన అడుగున ఉండే సన్నని గొట్టాల్లాంటి పాదాలు చాచుకునేది కూడా ఇటువంటి నీటి ఒత్తిడితోనే. ఆ పాదాలు కేవలం గాలి తీసిన రబ్బరు మూతలా అతుక్కుంటాయని చెప్పడం మాత్రం పాతబడిన మాట. అవి జిగురు పదార్థాన్ని స్రవించి పట్టుకుంటాయి, వదలడానికి మరొక స్రావాన్ని వాడతాయి.

నన్ను ఎక్కువగా నిరాశపరచినది సముద్ర తాబేలు లేకపోవడం. గుంటూరు పిల్లలకు సముద్రమంటే ముందుగా గుర్తుకు వచ్చేది సూర్యలంక. ఆ బాపట్ల తీరానికే చలికాలంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. నీటిలో తాబేలు తన ముందరి తెడ్లను రెక్కల్లా ఆడిస్తూ ముందుకు సాగుతుంది, వెనక కాళ్లతో దిశ సరిచూసుకుంటుంది. రెండు ప్లాస్టిక్ పలకలతో ఈ ప్రయోగం చేయించవచ్చు. ఎక్కడివో జీవుల గురించి ఇంత శ్రద్ధగా చెప్పిన కేంద్రం, మన తీరానికి వచ్చే జీవిని వదిలివేయకుండా ఉండవలసింది.

ఒక్కో తొట్టె చుట్టూ ఆరేడుగురు పిల్లలు చేరడం వల్ల, మొహమాటపడే పిల్లలకు స్ట్రా చేతికి అందేసరికి సమయం అయిపోయింది. తొట్టెకు నలుగురిని మించనివ్వకూడదని నిర్వాహకులకు చెప్పాను. తదుపరి బృందాల్లో సంఖ్య తగ్గిస్తామన్నారు. చేర్పించేవారు ఆ విషయం ముందుగా అడిగి తెలుసుకోవడం మంచిది. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు సిరంజీలు నొక్కడం కష్టం, హైస్కూలు పై తరగతుల వారికి ఈ పాఠం చాలదు. నాలుగు నుంచి ఏడో తరగతి వరకు చదివేవారిని నిస్సంకోచంగా పంపవచ్చు. బట్టలు తప్పకుండా తడుస్తాయి కాబట్టి మరో జత వెంట ఇవ్వండి.